కాలర్లు తిరిగే వైపు

చొక్కాల దుకాణం తలుపులు రోజూ తెరిచేది మేస్త్రి. తెరవగానే, నిన్న ఎవరెవరు పని సగంలో వదిలేసి వెళ్ళారో చూసుకుని, వాళ్ళు రాకముందే వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టేస్తాడు. మనిషి ఎదురుగా ఉంటే గట్టిగా ఒక్క మాట అనలేడు పాపం. ఆ కార్యక్రమం ముగిశాక కత్తెరకి ఓ చుక్క నూనె వేసి, గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీస్తూ కూర్చుంటాడు. అప్పుడొస్తారు పనివాళ్ళు, తిట్లు అయిపోయి ఉంటాయన్న ధైర్యంతో.

ఆ దుకాణంలో చొక్కా ఒక్క చేతి మీద తయారు కాదు. కత్తిరింపు మేస్త్రిది. ముందు వెనకలు కలిపేది ఒకాయన, చేతులు అతికేది ఇంకొకాయన. వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు, ఎందుకో మాటల్లేవు. అయినా భుజం దగ్గర కుట్లు మాత్రం చక్కగా కలుస్తాయి. కాలర్లు కాలరబ్బాయివి. ఆఖర్న కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, వేలాడే దారాలు కత్తిరించి, అంతవరకూ గుడ్డముక్కల పోగులా ఉన్నదాన్ని చొక్కా అనిపించే పని కాజాలమ్మాయిది.

కాలరబ్బాయి పని చూడ్డానికి బాగుంటుంది. రెండు గుడ్డముక్కలకి గట్టి కాన్వాసు జతచేసి, లోపలివైపు బయటకి ఉండేలా కుట్టి, తిరగేసి, సన్నటి పుల్లతో రెండు మూలలూ పొడిచి నిలబెడతాడు. ఆ మూలలు నిలబడ్డాయంటే తొడుక్కున్నవాడు నిలబడ్డట్టే. పెళ్ళాం ముందు నోరెత్తని మగాళ్ళు కూడా ఆ చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు. ఇంటికెళ్ళగానే చొక్కా విప్పేస్తారనుకోండి, అది వేరే సంగతి.

అతనికో అలవాటుంది. ఏదైనా ఆలోచన వస్తే మెడ వెనక రుద్దుకుంటాడు. ఆ చేత్తోనే మళ్ళీ కాన్వాసు పట్టుకుంటాడు. ఈమధ్య ఆలోచనలు ఎక్కువయ్యాయి. కాజాలమ్మాయి మిషను అతని మిషనుకి సరిగ్గా ఎదురుగా ఉండటమే కారణం.

అలాంటి రోజుల్లో ఒకసారి సెలూన్ పెద్దాయన కత్తెర ఆపి, కాలరబ్బాయిని నిష్ఠూరంగా అడిగాడు.

“ఏమోయ్, నాకు తెలీకుండా ఇంకెక్కడైనా తల ఇస్తున్నావా?”

“అయ్యో, లేదు పెద్దాయనా. ఊహ తెలిసినప్పట్నుంచీ ఈ తల మీ సొత్తే కదా.”

“మరి చెవుల పక్కన నేను చెయ్యాల్సిన పని ఎవరు చేసేశారు?”

చేతద్దం వెనక పట్టి చూపించాడు. నడినెత్తిన దువ్వెన పళ్ళు విరిగేంత జుట్టుంది. చెవుల చుట్టూ మాత్రం పల్చబడి చర్మం తొంగిచూస్తోంది. మెడ మీద జుట్టు అంచు ఎప్పుడు బయల్దేరిందో, ఎవరికీ చెప్పకుండా పైకి జరిగిపోయింది.

“అందరికీ పైనుంచి మొదలవుతుంది. నీకు కిందనుంచి బయల్దేరింది,” అన్నాడు పెద్దాయన. “వయసులో ఉన్న కుర్రాళ్ళలో కొందరికి ఇలా అవుతుందిలే. ప్రాణానికేం భయం లేదు. చూడ్డానికి మాత్రం ఎవరిదో టోపీ అరువు తెచ్చి పెట్టుకున్నట్టుంటుంది.”

పాపం ఆయన ఓదార్పుగానే అన్నాడు. కాలరబ్బాయికి మాత్రం ఆ టోపీ మాట గుండెలో ముల్లులా దిగింది.

ఇంటికెళ్ళి చూపిస్తే తల్లి “దిండు మార్చరా” అంది. తండ్రి “ఫోను చెవికానించి గంటలకొద్దీ మాట్లాడకు” అన్నాడు. దుకాణంలో మేస్త్రి, ఇస్త్రీపెట్టె వేడి కొడుతోందన్నాడు. చేతులు అతికే ఆయన “పెళ్ళయితే అదే ఆగుతుంది” అని భరోసా ఇచ్చాడు. అది విని ముందు వెనకలు కలిపే ఆయన, గోడకి చెప్తున్నట్టు, “పెళ్ళయ్యాకే నాది మొదలైంది” అన్నాడు. తోడల్లుళ్ళ మధ్య ఆ ఏడాది జరిగిన సంభాషణ అదొక్కటే. డాక్టరు భూతద్దం పెట్టి చూసి, ఏదో పూసుకోమని ఇచ్చి, “దిగులు పడకు, దిగులు పడితే ఇంకా ఊడుతుంది” అన్నాడు. ఆరోజు నుంచి కాలరబ్బాయికి, దిగులు పడుతున్నానేమోనని దిగులు పట్టుకుంది.

అసలు దిగులు జుట్టు గురించి కాదు. ఎదురుగా కూర్చునే మనిషి గురించి. ముందునుంచి చూస్తే తనకేం లోటు లేదు. వెనకనుంచి చూస్తేనే ప్రమాదం. కాబట్టి ఆమెకి జీవితంలో ఎప్పుడూ వీపు చూపించకూడదని నిర్ణయించుకున్నాడు. మిషను వెనక్కి లాగి గోడకి ఆనించేశాడు. గదిలోంచి బయటకి వెళ్ళాల్సి వస్తే, ఆమె వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళేవాడు. గుమ్మం ఎక్కడుందో కాలి మడమకి నేర్పాడు. అది ఒక్కోసారి నేర్చుకున్నది మర్చిపోయేది.

వెనక్కి నడవడం అలవాటయ్యాక ఎవరి దగ్గరైనా అలాగే నడిచేవాడు. ఊళ్ళో వాళ్ళకి ఇది వేరేలా అర్థమైంది.

“ఈ కాలంలో ఇంత వినయం ఎక్కడుందండీ! పెద్దవాళ్ళకి వీపు చూపించడు,” అని బడిపంతులు మెచ్చుకున్నాడు. ఇంట్లో చెప్పుకున్నారు, వీధిలో చెప్పుకున్నారు. కొన్నాళ్ళు తల్లులందరూ పిల్లల్ని వెనక్కి నడవమని వేధించారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కాలవలో పడ్డాక మానేశారు.

కాజాలమ్మాయి ఇవన్నీ చూస్తూ కాజాలు కుట్టుకునేది. ఎప్పుడైనా అతను గుమ్మానికి తగిలితే మాత్రం తల ఎత్తకుండానే అనేది.

“కాస్త ఎడమకి, కాలర్ గారూ.”

“థాంక్సండీ,” అనేవాడు, తల వెనక బొప్పి తడుముకుంటూ.

అంతకుమించి వాళ్ళ మధ్య మాటల్లేవు.

మెడ దాచుకోవడానికి అతను తన చొక్కాల కాలర్లు కొంచెం కొంచెంగా ఎత్తు పెంచుకుంటూ పోయాడు. అది చూసి ఊళ్ళో మగాళ్ళంతా తమకీ అలాగే కావాలన్నారు. మేస్త్రి సంబరపడిపోయాడు. కొన్నాళ్ళకి ఊళ్ళో ఎవరికీ మెడ కనపడటం మానేసింది. తలలు నేరుగా చొక్కాల మీద పెట్టినట్టుండేవి.

అప్పుడు మొదలైంది కాలర్లు తిరగడం. అతని చెవుల పక్కనుంచి, మెడ వెనకనుంచి ఊడిన వెంట్రుకలు ఎక్కడికో పోలేదు. కాన్వాసుకీ గుడ్డకీ మధ్య, ఒక్కో కాలర్‌లో ఒకటీ అరా చేరి, లోపల కుట్టుబడిపోయాయి. ఊడినా అవి అతని మీద మమకారం చంపుకోలేదు. అతను ఎటువైపు ఉంటే కాలర్ అటు తిరిగేది. కాలర్‌తోబాటు మెడ, మెడతోబాటు మనిషి.

ఎవరూ ఏమీ అనుకోలేదు. కొత్త చెప్పులు కరిచినట్టే కొత్త చొక్కా తిరుగుతుందనుకున్నారు. పంతులు నల్లబల్ల మీద లెక్క రాస్తూ రాస్తూ కిటికీ వైపు తిరిగేవాడు. అంటే కాలరబ్బాయి టీ తాగడానికి వెళ్తున్నాడన్నమాట. పిల్లలు ఆలోగా జవాబులు చూసి రాసుకునేవారు, ఆ ఏడాది బడిలో అందరూ పాసయ్యారు. మేస్త్రికి కాలరబ్బాయితో పని పడితే వెతికేవాడు కాదు, దారినపోయే ఎవరి మెడ ఎటుందో చూసి అటు కేకేసేవాడు.

అందరికంటే బాగుపడింది కాలరబ్బాయి తల్లి. కాలరబ్బాయి తండ్రి ఇంట్లో కూడా కొడుకు కుట్టిన చొక్కానే వేసుకుని కూర్చునేవాడు. కొడుకు దుకాణం నుంచి బయల్దేరగానే ఆయన మెడ నెమ్మదిగా గుమ్మం వైపు జరిగేది. అది చూసి ఆమె పొయ్యి వెలిగించేది. కొడుకు చెప్పులు విప్పేసరికి కంచంలో వేడివేడిగా అన్నం ఉండేది. “మీ నాన్న జీవితంలో మొదటిసారి ఇంటి పనికి అక్కరకొచ్చాడురా,” అనేది.

ఫొటోగ్రాఫరు ఒక్కడే కాస్త ఇబ్బంది పడ్డాడు. ఏ శుభకార్యంలో చూసినా మగాళ్ళందరూ ఒకే మూలకి చూసేవారు. “ఇటు, ఇటు!” అని అరిచి అరిచి గొంతు పోయాక, తెలివి తెచ్చుకుని కాలరబ్బాయిని కెమెరా పక్కనే నిలబెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఊళ్ళో అంత చక్కగా కెమెరాకేసి చూసే మగాళ్ళు ఇంకెక్కడా లేరని పేరొచ్చింది.

ఆడవాళ్ళ బట్టలకి ఆ ఊళ్ళో కాలర్లు ఉండేవి కావు. అందువల్ల ఊరు ఊరంతా కాలరబ్బాయి వైపు తిరుగుతున్నా, తిరగాల్సిన ఒక్క మనిషీ తన సూదికేసి చూసుకుంటూ కూర్చునేది.

ఇక డ్రైవరు మావయ్య సంగతి. ఆయన కాజాలమ్మాయికి సొంత మేనమామ. చిన్నప్పటినుంచీ పెంచి పెద్ద చేసింది ఆయనే. బస్సు నడుపుతాడు. నున్నటి నడినెత్తి, చెవుల చుట్టూ మెడ మీదా మాత్రం దట్టమైన జుట్టు. సెలూన్ పెద్దాయన ఆయన్నీ కాలరబ్బాయినీ పక్కపక్క కుర్చీల్లో చూసి, “మీ ఇద్దరివీ కలిపితే ఒక నిండు తల అవుతుంది,” అన్నాడు. కాలరబ్బాయి నవ్వాడు. మావయ్య నవ్వలేదు.

నవ్వకపోవడానికి వేరే కారణముంది. కొత్తలో ఆయనకి కాలరబ్బాయి అంటే ఇష్టమే. అతను వెనక్కి నడవడం చూసి మురిసిపోయి, ఒక చొక్కా కూడా కుట్టించుకున్నాడు. ఆ చొక్కా వేసుకుని బస్సెక్కిన రోజు, పెద్ద వీధిలో నేరుగా పోవాల్సిన బస్సు సందులోకి తిరిగి, చొక్కాల దుకాణం మెట్ల ముందు వచ్చి ఆగింది. కండక్టరు అలవాటు కొద్దీ, “చొక్కాల దుకాణం! దిగేవాళ్ళు దిగండి!” అని అరిచాడు. కొందరు దిగారు కూడా. బస్సుని మళ్ళీ సందులోంచి వెనక్కి తియ్యడానికి ఊళ్ళో సగం మంది వచ్చి తలో సలహా ఇవ్వాల్సొచ్చింది. ఆరోజు నుంచి మావయ్య చొక్కా కాలర్ కత్తిరించేసి బస్సు నడుపుతున్నాడు. కాలర్ లేని చొక్కాలో ఆయన ఎప్పుడూ నిద్రలోంచి లేచొచ్చినట్టు ఉంటాడు. ఆ పరువునష్టం ఆయన క్షమించలేదు.

ఒకరోజు ఆయన దుకాణానికి ఒక గుడ్డ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

“మేస్త్రీ, మంచి చొక్కా కావాలి. మా అమ్మాయికి సంబంధం చూశాను. పై ఊళ్ళో గొడుగుల వ్యాపారం వాళ్ళు. వచ్చేవారం పిల్లని తీసుకెళ్ళి చూపిస్తానని మాటిచ్చాను.”

మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలమ్మాయిది మాత్రం ఆగలేదు.

“అబ్బాయి ఎలా ఉంటాడు బావగారూ?” అని అడిగాడు మేస్త్రి. ఆయనకీ ఈయనకీ చుట్టరికం ఏమీ లేదు, కానీ గిరాకీ తెచ్చినవాళ్ళందరినీ బావగారనే అంటాడు.

“ఎలా ఉండటమేంటి, తలనిండా జుట్టు! చుట్టూ, పైనా, కిందా, ఎక్కడ చూసినా జుట్టే.” ఆయన కాలరబ్బాయి వైపు ఒక చూపు విసిరాడు. “ఇంకోమాట. ఈ చొక్కా కాలర్ మాత్రం నువ్వే కుట్టాలి మేస్త్రీ. వీడు ముట్టుకోవడానికి వీల్లేదు. ముఖ్యమైన పని మీద వెళ్తున్నాను.”

“నా చేతుల్తో నేనే కుడతాను,” అని మేస్త్రి మాటిచ్చాడు.

కాలరబ్బాయి ఆ సాయంత్రం దుకాణంలోంచి ముందుకే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వీపు కనపడుతుందన్న ధ్యాసే లేదు. ఇంటి దగ్గర తండ్రి మెడ ఎటూ తేల్చుకోలేక ఊగుతుంటే, కొడుకు వీధులు పట్టుకు తిరుగుతున్నాడని తల్లికి అర్థమై పొయ్యి ఆర్పేసింది.

మర్నాడు అతనికో ఆలోచన వచ్చింది. మెడ వెనక చాలాసేపు రుద్దుకున్నాడు.

“ఏమండీ, మీ పనికోటు మెడ దగ్గర చిరిగిపోయిందండీ. ఒక కాలర్ వేసిస్తానండీ,” అన్నాడు కాజాలమ్మాయితో. బట్టలకి నూలు అంటకుండా ఆమె పైన వేసుకునే కోటు అది.

“చిరిగిందా? నాకు కనపడలేదే.”

“మెడ వెనక ఉన్నది ఎవరికి వాళ్ళకి ఎక్కడ కనపడుతుందండీ,” అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, కోటు విప్పి ఇచ్చింది. అతను ఆ కాలర్ కుట్టినంత శ్రద్ధగా ఇంకేదీ కుట్టలేదు. మెడ మీద మిగిలినవాటిలో పొడుగ్గా ఉన్న వెంట్రుక ఒకటి తడిమి పీకి, కావాలనే కాన్వాసు మీద పెట్టి, కుట్టేశాడు.

ఆమె కోటు వేసుకుంది. మెడ తిరిగింది. ఆమె ముఖం అతనికి ఎదురుగా వచ్చి ఆగింది.

కాలరబ్బాయికి కాసేపు ఆకాశంలో ఉన్నట్టుంది. కాసేపే. ఆమె ఇటు చూస్తోంది, కానీ కళ్ళు మాత్రం కిందకి, కాజా కోసం వెతుక్కుంటున్నాయి. చేతులు ఒకవైపు, మెడ ఒకవైపు. కాజా వంకర పోయింది. ఇంకోటి కుడితే అదీ పోయింది. ఆమె జీవితంలో వంకర కాజా కుట్టడం ఎవరూ చూడలేదు. చేతులు అతికే ఆయన ఆశ్చర్యం పట్టలేక, పక్కనున్నది ఎవరో గుర్తులేక, తోడల్లుడి భుజమే తట్టి చూపించాడు.

ఆమె మిషను ఆపింది. కోటు విప్పి, చిన్న కత్తెర తీసుకుని, కాలర్ కుట్లు ఒక్కొక్కటే విప్పింది. లోపలినుంచి వెంట్రుక లాగి, వెలుతురుకి పట్టి చూసింది.

“ఇది మీదేనా?”

అతను తలూపాడు.

“ఊళ్ళో వాళ్ళ కాలర్లలోకి వాటంతటవే పడ్డాయి. ఇది మీరు పెట్టింది. అవునా?”

మళ్ళీ తలూపాడు.

“కాలర్ తిప్పితే తిరగడానికి నేనేమన్నా పంతులుగారినా?” ఆమె గొంతులో కోపం ఉంది. కోపం అడుగున ఇంకేదో కూడా ఉంది, అది మేస్త్రికి కూడా వినపడింది గానీ కాలరబ్బాయికి వినపడలేదు. “పిలిస్తే తిరుగుతాను. ఇన్నాళ్ళలో ఒక్కసారి పిలిచారా? పిలవడం వచ్చా అసలు?”

అతను లేచి వెనక్కి వెనక్కి నడిచాడు.

“ఎడమకి!” అంది ఆమె.

అతను కుడికి వెళ్ళి తలుపుకి గుద్దుకున్నాడు.

ఆమె ఆ వెంట్రుకని పారెయ్యలేదు. ఖాళీ బాబిన్‌కి చుట్టి సూదుల డబ్బాలో వేసుకుంది. తర్వాత, మేస్త్రి కాలర్ కుట్టి బల్ల మీద పెట్టిన మావయ్య చొక్కా ముందుకి లాక్కుని, కాజాలు కుట్టడం మొదలుపెట్టింది.

ప్రయాణం రోజు వచ్చింది. డ్యూటీలోనే సొంతపని చక్కబెట్టుకునే మనిషి మావయ్య. గొడుగులవాళ్ళ ఊరు ఆయన బస్సు వెళ్ళే దారిలోనే ఉంది. మేనకోడల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, కొత్త చొక్కాలో నిటారుగా, చాలాకాలం తర్వాత మెడ ఉన్న మనిషిలా స్టీరింగు ముందు కూర్చున్నాడు. బయల్దేరే ముందు పై బొత్తాం కూడా పెట్టుకున్నాడు.

ఆ ఉదయం కాలరబ్బాయి సెలూన్‌కి వెళ్ళాడు.

“ఇంకెందుకు పెద్దాయనా, మిగిలినవి కూడా తీసెయ్యండి. చెవుల పక్కన, మెడ మీద, అంతా నున్నగా.”

“దాచుకోవా ఇంక?”

“ఎవరి దగ్గర దాచుకోను?”

పెద్దాయన కత్తి నూరి, అంచులు సాపుగా తీశాడు. తీశాక కాస్త వెనక్కి జరిగి చూసి, “టోపీ మాట వెనక్కి తీసుకుంటున్నానోయ్. బానే ఉంది,” అన్నాడు. కాలరబ్బాయి వినిపించుకోలేదు.

దుకాణానికి వెళ్ళి మిషనుని గోడ దగ్గర్నుంచి లాగి, లోపలివైపుకి తిప్పేసి, వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోవడం చూడలేడు. దూరంగా హారన్ వినిపించింది. ఇంజను మోత పెద్ద వీధి చివరిదాకా వెళ్ళింది, సన్నబడింది, అక్కడే కాసేపు తచ్చాడింది. తర్వాత ఎందుకో మళ్ళీ పెరగడం మొదలైంది. పెరిగి పెరిగి సందులోకి తిరిగి, సరిగ్గా అతని వీపు వెనక, మెట్ల ముందు ఆగింది.

“చొక్కాల దుకాణం! దిగేవాళ్ళు దిగండి!” అని కండక్టరు అరిచాడు.

“ఒరేయ్!” అని అంతకంటే గట్టిగా అరిచాడు మావయ్య, తిరిగిన మెడతో, స్టీరింగు పట్టుకునే. “ఈ కాలర్ నువ్వు ముట్టుకోలేదు కదరా!”

“ముట్టుకోలేదండీ,” అన్నాడు కాలరబ్బాయి గోడతో.

“ఒట్టు బావగారూ, నా చేతుల్తో నేనే కుట్టాను!” మేస్త్రి కంగారుగా మెట్లు దిగాడు.

బస్సు ముందు తలుపులోంచి కాజాలమ్మాయి దిగింది. నేరుగా లోపలికొచ్చి, అతని మిషను దాటుకుని, తన బల్ల దగ్గరికి వెళ్ళింది.

“సూదుల డబ్బా మర్చిపోయాను మేస్త్రీ,” అంది. అతనికి వీపు పెట్టి నిలబడి, కళ్ళెదుటే ఉన్న డబ్బాని వెతకడం మొదలుపెట్టింది. చాలా తీరిగ్గా వెతికింది.

ఇన్నాళ్ళూ తన వీపు దాచుకోవడంలో పడి, కాలరబ్బాయి ఆమె వీపు ఎప్పుడూ చూడలేదు. ఆమె మెడ చుట్టూ కాలర్ లేదు. కాన్వాసు లేదు, వెంట్రుక లేదు. ఆమెని తిప్పడానికి ఇక తన దగ్గర నోరు తప్ప ఇంకేమీ లేదని అతనికి అర్థమైంది.

“ఏమండీ,” అన్నాడు.

మిషన్ల చప్పుడులో కలిసిపోయింది. తోడల్లుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి కాళ్ళు ఆపారు.

“ఏమండీ,” అన్నాడు మళ్ళీ. గొంతు బయటకొచ్చింది. “వెళ్ళకు.”

ఆమె తిరిగింది.

“ఎవరిని పిలిచారు?”

“నిన్నే.”

“ఇప్పటికి వచ్చిందన్నమాట పిలవడం.”

“ఆగు. ముందు ఇది చూడు. చూశాక చెప్పు.” అతను కాలర్ కిందకి మడిచి, కళ్ళు మూసుకుని, ఆమెకి వీపు తిప్పి నిలబడ్డాడు.

“చూశాను,” అంది ఆమె.

“సరిగ్గా చూడు. చెవుల పక్కన కూడా.”

“ఎప్పుడో చూశాను. నీ కాలర్ల కుట్లలోంచి బయటకొచ్చిన వెంట్రుకలు ఒక్కొక్కటే పీకి సాపు చేసేది ఎవరనుకున్నావు? సెలూన్ పెద్దాయన కంటే ముందు నాకే తెలుసు.”

అతను గిర్రున తిరిగాడు. “మరి చెప్పలేదేం?”

“నువ్వు వెనక్కి నడుస్తుంటే చూడ్డానికి బాగుండేది,” అంది.

ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ డ్రైవరు మావయ్య బస్సులోంచి కాలరబ్బాయినే చూస్తున్నాడు. చూడకుండా ఉండటం ఆయన చేతుల్లో లేదు. చూపు తిప్పుకోబోతే కాలర్ లాగి మళ్ళీ అటే పెడుతోంది. ఒక మనిషిని అంతసేపు కళ్ళార్పకుండా చూడటం ఆయనకి అదే మొదటిసారి. ముందు జుట్టు లేని చోటు కనపడింది. తర్వాత ఉన్న చోటు కనపడింది. తర్వాత జుట్టు సంగతి పక్కకి పోయి, కుర్రాడు మడిచిన కాలర్‌ని ఇంకా అలాగే పట్టుకుని ఉండటం కనపడింది. అంతమంది చూస్తున్నా అక్కణ్ణుంచి కదలకపోవడం కనపడింది. చివరికి మేనకోడలి ముఖం కనపడింది, ఆమె సరిగ్గా అతని పక్కనే నిలబడి ఉంది కాబట్టి. అలాంటి ముఖం గొడుగులవాళ్ళ పేరెత్తినప్పుడు ఒక్కసారి కూడా ఆయన చూడలేదు.

“అమ్మాయ్,” అన్నాడు కాస్త మెత్తబడి. “ఈ చొక్కాకి ఏం చేశావే?”

“పై కాజా ఇతని వెంట్రుకతో కుట్టాను మావయ్యా.”

“నోటితో చెప్పొచ్చు కదే!”

“నోటితో చెప్తే నువ్వు ఎప్పుడు విన్నావు? మెడతో చెప్తేనే వింటావు.”

కండక్టరు గట్టిగా దగ్గాడు. వెనక సీట్లో ఒకావిడ “నిజమే” అంది. మావయ్య వెనక్కి తిరిగి ఆవిడని కోపంగా చూద్దామనుకున్నాడు గానీ, కాలర్ ఒప్పుకోలేదు.

“తలనిండా జుట్టున్నవాణ్ణి తెద్దామనుకున్నానే నీకు,” అన్నాడు ఆఖరి ప్రయత్నంగా.

“నీకు లేని చోట ఇతనికి ఉంది. ఇతనికి లేని చోట నీకు ఉంది. ఇంటికి ఒక నిండు తల చాలు కదా మావయ్యా.”

మొదట కండక్టరు నవ్వాడు, తర్వాత బస్సు నవ్వింది, ఆఖర్న మావయ్య నవ్వాడు. నవ్వుతూనే పై బొత్తాం తీసుకోబోయాడు. కాజా బిగువుగా ఉంది, రాలేదు. మేనకోడలే వచ్చి తీసింది. మెడ వదులైంది. ఆయన మెడ అటూ ఇటూ తిప్పుకుని, ఎటైనా తిరగగలిగీ, మళ్ళీ ఒకసారి కాలరబ్బాయి వైపే చూసి, “సాయంత్రం ఇంటికి రా. నాన్నని తీసుకునిరా. ముందుకి నడిచి రా,” అని బస్సు కదిలించాడు.

గొడుగులవాళ్ళ దగ్గరికి ఆయన ఒక్కడే వెళ్ళి, వాళ్ళకి నచ్చజెప్పి, మర్యాద కోసం ఒక గొడుగు కొనుక్కుని వచ్చాడు. వానాకాలం ఇంకా చాలా దూరంలో ఉంది.

వాళ్ళ పెళ్ళిఫొటో ఇప్పటికీ చొక్కాల దుకాణంలో గోడకి ఉంది. ఆరోజు ఫొటోగ్రాఫరు పెద్ద చిక్కులో పడ్డాడు. పెళ్ళికొడుకుని తీసుకొచ్చి కెమెరా పక్కన నిలబెట్టుకుంటే పెళ్ళిఫొటోలో పెళ్ళికొడుకు ఉండడు. అతన్ని మధ్యలో నిలబెడితే మగాళ్ళందరూ మధ్యకే చూస్తారు. చివరికి ఎవరి ఇష్టం వాళ్ళదని నొక్కేశాడు. అందుకే ఆ ఫొటోలో పంతులు, మేస్త్రి, కాలరబ్బాయి తండ్రి, సెలూన్ పెద్దాయన, పక్కపక్కనే నిలబడ్డ తోడల్లుళ్ళు, అందరూ పెళ్ళికొడుకునే చూస్తున్నారు. మావయ్య కూడా అటే చూస్తున్నాడు, ఆయన చొక్కాకి ఆరోజు కాలరే లేదు. పెళ్ళికూతురు ఒక్కతే నవ్వుతూ కెమెరాకేసి చూస్తోంది.

పెళ్ళికొడుకు కెమెరా సంగతి మర్చిపోయి, ఒక అడుగు ముందుకొచ్చి, పూర్తిగా వెనక్కి, ఆమె వైపు తిరిగిపోయి ఉన్నాడు. అందువల్ల అతని ముఖం ఫొటోలో పడలేదు. చెవుల వెనక, మెడ మీద, నున్నటి భాగం మాత్రం చాలా స్పష్టంగా పడింది.